పేరులోనే పాఠమున్నది
మొక్కను కోసి, పెంచి, పోల్చి చూచే విధానం

గృహవైద్యం గురించి మాట్లాడుకొనేటప్పుడు "ఏ వ్యాధికి ఏ మొక్క?" అన్న ప్రశ్నయే ముందుగా వస్తుంది. "చేతిలో ఉన్నది ఆ మొక్కయేనా?" అన్న ప్రశ్న చాలమందికి తోచదు. నిజానికి ఈ రెండవ ప్రశ్నకు సమాధానం దొరికిన తరువాతనే మొదటి ప్రశ్న జోలికి పోవలెను. ఉన్నత పాఠశాలలలో ఇరవై తొమ్మిది సంవత్సరాలు జీవశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన నాకు ఈ సంగతి పుస్తకాల వల్ల బోధపడలేదు. నా తల్లి అనారోగ్యం వల్ల, తొమ్మిదవ తరగతి చదివే ఒక బాలుని వల్ల బోధపడింది. ఆ అనుభవాన్ని, దాని నుండి నేను తయారుచేసుకొన్న మూడు పాఠాలను పాఠకుల ముందుంచుతున్నాను.

నా పొరపాటు

అది 1994వ సంవత్సరపు వర్షాకాలం. అప్పటి కరీంనగర్ జిల్లాలో, నేటి జగిత్యాల జిల్లాలో, మెట్‌పల్లికి సమీపాన ఒక గ్రామంలో పనిచేస్తున్నాను. మా అమ్మకు పాదాలు వాచినవి. అటికమామిడి కషాయం వాపును తీస్తుందని పెద్దలు చెప్పగా విని, పొలం గెట్టు మీద నేలబారున పరచుకొన్న ఒక మొక్కను పీకి తెచ్చాను. దళసరి ఆకులు, ఎర్రని కాడలు, కణుపు దగ్గర ఎదురెదురుగా ఒకటి పెద్దది, ఒకటి చిన్నది ఆకు. వృక్షశాస్త్రం చదివి పట్టా పొందినవాడిని కనుక నాకు సందేహమే కలుగలేదు. రెండు వారాలు కషాయం కాచి ఇచ్చాను. వాపు తగ్గలేదు, పైగా ముఖానికి కూడా వచ్చింది.

అదే మొక్కను ఒకనాడు పాఠం కోసం తరగతికి తీసుకొనిపోయాను. సెలవు దినాలలో మేకలు కాసే ఒక పిల్లవాడు లేచి, "సార్, గిది అటికమామిడి కాదు, గలిజేరు. దీని పువ్వు ఆకు సందుల దాక్కుంటది. అటికమామిడి కాయ అయితే అంగీకి అంటుకుంటది" అన్నాడు. మధ్యాహ్నం వాడే అసలు మొక్కను తెచ్చి బల్ల మీద పెట్టాడు. రెండింటికీ ఎదురెదురు ఆకులే, రెండింటిలోనూ జతలో ఒక ఆకు పెద్దది, ఒకటి చిన్నది. కాని అటికమామిడి పూలు సన్నని కాడల చివర గుంపులుగా, గులాబి రంగులో ఉన్నవి. దాని కాయలు జిగురుగా వ్రేళ్ళకు అంటుకొన్నవి. నేను తెచ్చిన దానిలో పువ్వు ఆకుకాడ మొదట ఉన్న పొరలో ఒదిగి కూర్చున్నది. ఆకులు చూచి పువ్వు చూడకపోవడం నా తప్పు.

మరునాడే అమ్మను పట్టణంలో వైద్యునికి చూపించాను. పరీక్షలలో మూత్రపిండాలు బలహీనపడినట్లు తేలింది. గలిజేరు ఆక్సలేట్లు అధికంగా గల మొక్క. మూత్రపిండాలు బాగులేనివారికి ఆక్సలేట్లు కీడు చేస్తాయి. ఇంకొక మాట కూడా చెప్పవలెను. నేను సరియైన అటికమామిడినే తెచ్చి ఉన్నా అది సరియైన వైద్యం అయ్యేది కాదు. అటికమామిడిలో పొటాషియం లవణాలు ఎక్కువ. వాపు ఎందువల్ల వచ్చిందో తెలియకుండా ఏ కషాయమూ ఇవ్వరాదు. మొక్కను గుర్తించడంలో ఒక తప్పు, రోగాన్ని గుర్తించడంలో ఒక తప్పు, రెండూ నావే.

మేకలను, గొర్రెలను, ఆవులను మేపేవారు, అడవిలో సంచరించేవారు ఓషధుల పేరును, రూపాన్ని ఎరుగుదురని చరకసంహిత సూత్రస్థానంలో మొదటి అధ్యాయమే చెప్పుచున్నది. రూపం తెలిసినంత మాత్రాన ప్రయోగం తెలిసినట్లు కాదని కూడా అక్కడే ఉన్నది. మా తరగతిలో రూపం తెలిసినవాడు ఆ పిల్లవాడు. నాకు ఆ రోజు రెండూ తెలియవు.

ఆ సంవత్సరం నుండి వృక్షశాస్త్ర పాఠాన్ని మూడు ప్రశ్నలుగా విభజించుకొన్నాను. కోసి చూస్తే లోపల ఎట్లున్నది? కాలం గడిచేకొద్దీ ఎట్లు పెరుగుచున్నది? ఒక మొక్కకూ మరొక మొక్కకూ ఏయే విషయాలలో భేదమున్నది? ఈ ప్రశ్నలతో చూడగా, మన పూర్వులు మొక్కలకు పెట్టిన సంస్కృత నామాలలోనే కొన్ని సమాధానాలు దాగి ఉన్నవని తెలిసింది.

ఒకటవ పాఠం: నిర్మాణం

తిప్పతీగకు గుడూచి, అమృత, ఛిన్నరుహ, చక్రలక్షణిక అని అనేక నామాలున్నవి. శాస్త్రీయ నామం టినోస్పోరా కార్డిఫోలియా. చక్రలక్షణిక అనగా చక్రం గుర్తుగా గలది. తీగ పైన ఎక్కడ వెదకినా చక్రం కనిపించదు. అడ్డంగా కోస్తేనే కనిపిస్తుంది.

మా పాఠశాల ఆవరణలో వేపచెట్టు మీద అల్లుకొన్న తీగ నుండి చిటికెనవ్రేలంత లావు ముక్కను తీసుకొన్నాము. ఆలుగడ్డ ముక్కను నిలువుగా చీల్చి, నడుమ తీగను ఇరికించి, తడిపిన బ్లేడుతో పలుచని పొరలుగా కోశాము. ఆలుగడ్డ పట్టు ఇస్తుంది కనుక కోత సమంగా వస్తుంది. పొరలను నీటిలో వేసి, వాటిలో అతి పలుచని దానిని కుంచెతో గాజుపలక మీదికి తీసి, సఫ్రనిన్ ఎరుపు ఒక చుక్క వేసి కడిగాము. సూక్ష్మదర్శిని ఒక్కటే ఉండుట వల్ల పిల్లలు వరుసగా వచ్చి చూచినారు. భూతద్దంతోనైనా ముఖ్యమైన సంగతులు కనిపిస్తాయి.

అన్నిటికంటె బయట కాగితం వలె ఊడివచ్చే పలుచని పొర. దాని క్రింద పచ్చని పొర. అందుచేతనే ముదురు తీగను గోటితో గీకితే ఆకుపచ్చ రంగు బయటపడుతుంది. లోపల, మధ్యనుండి అంచుకు ఆకుల వలె విచ్చుకొన్న దారుభాగాలు, వాటి నడుమ వెడల్పైన మెత్తని దారులు. ఎడ్లబండి చక్రంలో ఆకులను తలచుకొంటే ఆ అమరిక మనసుకు వస్తుంది. దారుభాగంలోని పెద్ద పెద్ద రంధ్రాలు వేరు నుండి నీరు పైకి పోయే గొట్టాలు. మెత్తని భాగాలలో పిండి పదార్థం నిలువ ఉంటుంది. కోసిన ముక్క మీద టించర్ అయోడిన్ ఒక చుక్క వేయగా అది నీలి నలుపుగా మారింది. ఇంటిలో తిప్పతీగను దంచి, నీటిలో పిసికి, అడుగున పేరిన తెల్లని సత్తును ఆరబెట్టే అలవాటు కొందరికి ఉన్నది. ఆ సత్తులో అధికభాగం ఈ పిండియే.

ఐతే చక్రం కనిపించగానే తృప్తి పడరాదు. టినోస్పోరా జాతిలో దీనికి సోదర మొక్కలున్నవి, వాటి కాండంలోనూ చక్రం ఉంటుంది. చక్రం వేరే కుటుంబపు తీగలను వేరుచేస్తుంది గాని సోదరులను వేరుచేయదు. ఇది చదువుకొనే పిల్లల సంగతి మాత్రమే కాదు. కరోనా కాలంలో దేశమంతటా తిప్పతీగ వాడకం పెరిగింది. తిప్పతీగ వాడిన తరువాత కాలేయం దెబ్బతిన్న 6 మంది రోగుల వివరాలను ముంబయి వైద్యులు 2021లో ప్రకటించారు. టినోస్పోరా క్రిస్పా అనే సోదర మొక్కను పొరపాటున వాడి ఉండవచ్చునని ఆయుష్ మంత్రిత్వ శాఖ అప్పుడు సమాధానమిచ్చింది. 2022 ఫిబ్రవరిలో రెండింటి భేదాలను కూడా తెలియజేసింది. క్రిస్పా కాండం బూడిద రంగులో ఉండి బుడిపెలు కలిగి ఉంటుంది, గిచ్చితే పాలు కారుతుంది. పండు కోలగా, నారింజ రంగులో ఉంటుంది. అసలు తిప్పతీగ కాండం ఆకుపచ్చగా ఉంటుంది, పాలు ఉండవు. పండు గుండ్రంగా, ఎర్రగా ఉంటుంది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. అసలు తిప్పతీగ కాండం మీద కూడా లెంటిసెల్స్ అనే శ్వాసరంధ్రాలు తెల్లని చుక్కల వలె ఉంటాయి. వాటిని క్రిస్పా బుడిపెలుగా భ్రమపడరాదు. రెండవది, తిప్పతీగలో ఆడ తీగ వేరు, మగ తీగ వేరు. మగ తీగకు ఎన్నేళ్ళు చూచినా పండ్లు రావు. పండు లేదని అది వేరే మొక్క అనుకోరాదు.

ఇంకొక సంగతిని దాచరాదు. దేశంలోని 13 వైద్యకేంద్రాలలో చికిత్స పొందిన 43 మంది రోగుల వివరాలతో 2022లో మరొక అధ్యయనం వెలువడింది. పరీక్షకు దొరికిన నమూనాలు అసలు తిప్పతీగవేనని అందులో తేలింది. శరీరపు రక్షణశక్తి తన అవయవాలపైననే తిరుగబడే స్వభావం గలవారిలో అది కాలేయ వ్యాధిని బయటపెట్టవచ్చునని ఆ వైద్యులు హెచ్చరించారు. కాబట్టి కాలేయ వ్యాధి, థైరాయిడ్ వంటి స్వయంనిరోధక వ్యాధులు గలవారు వైద్యుని సలహా లేకుండా తిప్పతీగను వాడరాదు. గుర్తింపు తొలి మెట్టు మాత్రమే.

రెండవ పాఠం: పెరుగుదల

అటికమామిడి సంస్కృత నామం పునర్నవ. అనగా మరల క్రొత్తదగునది. శాస్త్రీయ నామం బోర్హావియా డిఫ్యూసా. ఈ పేరు ఒక్కరోజు చూచినవారు పెట్టినది కాదు. ఒకే చోటును సంవత్సరం పొడుగునా చూచినవారు పెట్టినది.

మేమూ అట్లే చేశాము. ఏప్రిల్‌లో వేసవి సెలవులకు ముందు, ఎండిపోవుచున్న అటికమామిడి చుట్టూ మూడు రాళ్ళు పాతి గుర్తు పెట్టాము. జూన్‌లో పాఠశాల తెరిచేనాటికి, మృగశిర కార్తెలో నాలుగు చినుకులు పడినవో లేదో, రాళ్ళ మధ్య ఎర్రని చిగుళ్ళు లేచినవి. మెల్లగా త్రవ్వి చూడగా క్రింద పాత వేరు లావుగా, బలంగా ఉన్నది. తీగ చనిపోయింది, వేరు చనిపోలేదు.

ఆ ప్రక్కనే గలిజేరు కూడా మొలిచింది. అది విత్తనం నుండి వచ్చినది. అందుచేత దానికి మొదట రెండు బీజదళాలు కనిపించినవి. పాత వేరు నుండి వచ్చిన అటికమామిడి చిగురుకు బీజదళాలు లేవు. గలిజేరు ఏకవార్షికం, అటికమామిడి బహువార్షికం. విత్తనం నుండి మొలిచిన లేత అటికమామిడికి కూడా బీజదళాలు ఉంటాయి గనుక ఈ ఒక్క గుర్తుతో నిర్ణయించరాదని పిల్లలకు చెప్పాను. నేను 1994లో ఎక్కడ మోసపోయానో ఈ పాఠంలో నాకు స్పష్టమైంది. పూత పూయని లేతదశలో ఈ రెండింటినీ ఆకులు చూచి వేరుచేయబోవడం ప్రమాదం. పూచేదాకా ఓపిక పట్టవలెను.

మొక్క ఎక్కడ పెరుగుతుందో చూపడానికి ఒక సులభమైన ప్రయోగం ఉన్నది. అనుములను తడి గుడ్డలో మొలకెత్తించి, వేరు బొటనవ్రేలి గోరంత పొడవు కాగానే దానిపై మసిసిరాతో సమాన దూరంలో గీతలు పెట్టాలి. మరునాడు చూస్తే, కొనకు కొంచెం వెనుకనున్న గీతలు దూరంగా జరిగి ఉంటాయి. పైనున్న గీతలు కదలవు. వేరు అంతటా సాగదు, కొన వెనుకనే సాగుతుంది. అందుచేతనే మొక్కను ఒక చోటు నుండి మరొక చోటికి మార్చేటప్పుడు వేరు కొనలు తెగకుండా మట్టిగడ్డతో సహా తీయమంటారు.

తిప్పతీగ మరొక ఆశ్చర్యం చూపింది. తీగను క్రింద కోసివేసినా, వేప కొమ్మ మీద మిగిలిన భాగం చావక, దారం వంటి ఊడలను నేలకు దింపింది. దాని ఛిన్నరుహ నామానికి, అనగా కోసినా మొలిచేదన్న మాటకు, అర్థం ఇదే.

ఈ పాఠం వైద్యానికి ఎందుకు? ఋతువును బట్టి మొక్కలో సారం వేరులో ఉంటుందా, ఆకులో ఉంటుందా అన్నది మారుతుంది. వేరు, ఆకు, బెరడు మొదలగు భాగాలను ఏ కాలంలో సేకరించవలెనో చరకసంహిత కల్పస్థానంలో చెప్పబడింది. మొక్క పెరుగుదలను ఏడాది పొడుగునా చూచినవారికే ఆ నియమాలు అర్థమవుతాయి.

మూడవ పాఠం: వైవిధ్యం

2003లో గోదావరి దాటి ఆదిలాబాద్ జిల్లాలో ఉట్నూరు ప్రాంతానికి బదిలీ అయ్యాను. గోదావరికి ఈవల ఎర్రని చెలకలు చూచిన కంటికి ఆవల నల్లరేగడి, టేకు అడవి, ఒర్రెలు. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు నిజాం రాజ్యంలో ఉండినందున, 1915 నుండి 1936 వరకు వెలువడిన గాంబుల్ పండితుని మద్రాసు రాజధాని వృక్షసంపద గ్రంథంలో ఈ ప్రాంతం చేరలేదు. ఆదిలాబాద్ జిల్లా వృక్షసంపదపై పుల్లయ్య, ప్రసన్న, ఓబులేసు గార్ల గ్రంథం 1992లో వచ్చింది. మా పాఠశాలలో ఆ గ్రంథం లేదు. కాని గోండు, కొలాము పిల్లలు ఉన్నారు.

అక్కడి మొదటి పాఠం టేకు ఆకు. నరికిన మొద్దు నుండి లేచిన పిలకకు విస్తరి అంత ఆకు, ముదురు చెట్టు పైకొమ్మకు అందులో సగం కూడా లేని ఆకు. రెండూ వేరు వేరు చెట్లవని క్రొత్తవారు అనుకొంటారు. లేత ఆకును అరచేతిలో నలిపితే రెండూ ఎర్రరంగునే ఇస్తాయి. పరిమాణం మారింది, గుణం మారలేదు.

తరువాత నేల ఉసిరి. శాస్త్రీయ నామం ఫిల్లాంథస్ అమారస్. త్రొక్కుడు పడే బాట ప్రక్కన జానెడు, తడిగల పొలం గట్టున మోకాలెత్తు. పిల్లలు తలకొక మొక్క తెచ్చి స్కేలుతో కొలిచి, ఆకులు లెక్కించి, నల్లబల్ల మీద రెండు వరుసలు వ్రాశారు. మొదటి వరుసలో మారేవి: ఎత్తు, ఆకుల సంఖ్య, ఆకుల పచ్చదనం, కొమ్మల సంఖ్య. రెండవ వరుసలో మారనివి: పువ్వు ఉండే చోటు, కాయ కాడ, కాయ నునుపు, కాయలోని గదులు.

నేల ఉసిరిని చూచి చాలమంది దానికి చింతాకు వంటి సంయుక్త పత్రం ఉన్నదనుకొంటారు. అది ఆకు కాదు, సన్నని కొమ్మ. పరీక్ష సులభం. చింతాకును త్రిప్పి చూడండి, చిన్న పత్రకాల మొదట మొగ్గ గాని పువ్వు గాని ఉండదు. నేల ఉసిరి రెమ్మను త్రిప్పి చూడండి, ప్రతి చిన్న ఆకు మొదట పువ్వో కాయో వ్రేలాడుతూ ఉంటుంది. ఆకు మొదట మొగ్గ పుట్టుట నియమం, పత్రకం మొదట పుట్టదు. కాబట్టి చిన్నవిగా కనిపించేవే అసలు ఆకులు. ఈ నియమంతోనే, మోదుగకు జనులు మూడు ఆకులని చెప్పేది నిజానికి మూడు పత్రకాలు గల ఒక్క ఆకు అని పిల్లలు తామే తేల్చుకొన్నారు.

నేల ఉసిరి కాయ నున్నగా, చిన్న కాడతో, మూడు గదులతో ఉంటుంది. గదికి రెండు చొప్పున ఆరు గింజలు. దీనిని పోలినవి మన ప్రాంతంలో ఇంకా ఉన్నవి. ఒకదాని కాయ గరుకుగా, దాదాపు కాడ లేకుండ అంటుకొని ఉంటుంది. మరొకదానికి ప్రధాన కాండం మీదనే ఆకులు వరుసగా వస్తాయి. నేల ఉసిరి ప్రధాన కాండం మీద అటువంటి ఆకులు ఉండవు, రెమ్మల మీదనే ఉంటాయి.

వైవిధ్యం ఎంత దూరం పోతుందో చెప్పే ఉదాహరణ ఒకటున్నది. హెపటైటిస్-బి వైరస్ శరీరంలో నిలిచిపోయినవారికి నేల ఉసిరి చూర్ణం ఇచ్చిన మద్రాసు పరిశోధన 1988లో 'లాన్సెట్' వైద్యపత్రికలో వెలువడింది. మందు పుచ్చుకొన్న 37 మందిలో 22 మందికి, ఉత్తి గుళిక పుచ్చుకొన్న 23 మందిలో ఒకరికి మాత్రమే వైరస్ గుర్తు రక్తంలో కనిపించకుండా పోయింది. ఆ వైరస్‌ను కనుగొన్న నోబెల్ గ్రహీత బ్లూంబర్గ్ కూడా ఈ పరిశోధకులలో ఒకరు. కాని తరువాత ఇతర చోట్ల చేసిన పరిశోధనలలో అట్టి ఫలితం రాలేదు. మొక్క పెరిగిన చోటు, కోసిన కాలం, వాడిన జాతి ఇందుకు కారణమా అన్న చర్చ నడిచింది. కంటికి ఒకటిగా కనిపించే మొక్కలలో సైతం లోపలి సారం సమంగా ఉండకపోవచ్చును. కాబట్టి పచ్చకామెర్లు వచ్చినప్పుడు పసరు పోసుకొని కాలం గడపక, ముందు రక్తపరీక్ష చేయించుకోవలెను.

ఇంటిలో పాటించవలసినవి

పిల్లలతో కలిసి ప్రతి ఇంటివారూ ఈ పాఠాన్ని చేయవచ్చును. బ్లేడు పని మాత్రం పెద్దల చేతితోనే జరుగవలెను.

1. ఆకు ఒక్కటి చూచి మొక్కను నిర్ణయించకండి. పువ్వు, కాయ, వేరు కూడా చూడండి. పువ్వు లేని కాలమైతే పూచేవరకు ఆగండి.

2. ఒక నోటు పుస్తకంలో తేదీ వేసి, మొక్క బొమ్మ గీసి, దొరికిన చోటు, నేల రకం, ఎత్తు వ్రాయండి. అదే చోటును నెలకొకసారి ఏడాదిపాటు చూడండి.

3. ఒకే రకపు మొక్కలు కనీసం పది తెచ్చి, మారేవి, మారనివి అని రెండు వరుసలు వ్రాయండి. గుర్తింపుకు మారనివే ఆధారం.

4. పోలిక గల మొక్కను ప్రక్కన పెట్టుకొని చూడండి. ఒంటరిగా చూచిన మొక్క మోసం చేస్తుంది.

5. క్రొత్త మొక్కను రుచి చూచి గుర్తించే ప్రయత్నం ఎన్నడూ చేయకండి. తాకిన తరువాత చేతులు కడుగుకొనండి.

6. గర్భవతులకు, పసిపిల్లలకు, మూత్రపిండ, కాలేయ వ్యాధులు గలవారికి, నిత్యం మందులు వాడేవారికి ఏ మూలికనూ వైద్యుని అడుగకుండా ఇవ్వకండి. సందేహం మిగిలితే వాడకండి.

మా అమ్మ మందులతో, పథ్యంతో ఆ తరువాత ఎనిమిది సంవత్సరాలు బ్రతికింది. ఆ రెండు వారాల కషాయం గురించి నన్ను ఒక్కసారి కూడా నిందించలేదు. కాని నేను సంచిలో ఏ ఆకు తెచ్చినా, చివరకు అంగడి నుండి కొత్తిమీర కట్ట తెచ్చినా, గడపలో కూర్చుండి ఒకటే మాట అడిగేది: "పువ్వు చూసినవా, కొడుకా?"